కీ లేని పరీక్ష

పోటీ పరీక్ష జరిగిన రోజు సాయంత్రం హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఒక దృశ్యం తప్పకుండా కనిపిస్తుంది. పొద్దున రాసొచ్చిన ప్రశ్నపత్రం మంచం మీద పరిచి ఉంటుంది. పక్కన ఫోన్‌లో ఏదో ఒక కోచింగ్ సెంటర్ వదిలిన కీ. చేతిలో పెన్సిల్. టిక్కు, ఇంటూ, టిక్కు, టిక్కు. తప్పులకు మైనస్ మార్కులుంటే తీసేసి, అనుమానమున్న రెండు బిట్లు పక్కన పెట్టి, మెస్‌లో పప్పుచారు చల్లారేలోపు లెక్క తేల్చేస్తారు: ‘104. ఆ రెండూ కలిస్తే 106.’ తర్వాత ప్రిలిమినరీ కీ వస్తుంది, అభ్యంతరాలు వెళ్తాయి, ఫైనల్ కీ వస్తుంది. మంచం మీద వేసుకున్న లెక్కకూ చివరికొచ్చే మార్కులకూ పెద్దగా తేడా ఉండదు. తమ పేపరు తామే దిద్దుకోవడంలో ఈ పేట కుర్రకారుది అందెవేసిన చెయ్యి.

అదే గదిలో ఇంకో మంచం మీద ఒక ఎం.ఆర్క్ విద్యార్థి ఉన్నాడనుకుందాం. తెల్లారితే థీసిస్ రివ్యూ. షీట్లు ప్రింటుకు వెళ్లాయి. మోడల్‌కు పూసిన ఫెవికాల్ ఇంకా ఆరలేదు. ‘నీకెంతొస్తుంది అన్నా?’ అని గ్రూప్స్ కుర్రాడు అడిగితే అతను చెప్పగలిగిన జవాబు ఒక్కటే: ‘ఏమో తమ్ముడూ, జ్యూరీకి ఎవరొస్తారో చూడాలి.’

ఆర్కిటెక్చర్‌కు కీ ఉండదు, నిజమే. ఒకే స్థలంలో పది మంది పది రకాలుగా గీస్తారు, పదిలో నాలుగు బాగుండొచ్చు. కానీ అయిదేళ్లు బి.ఆర్క్ చదివి, కొందరు ఒకటి రెండేళ్లు ఆఫీసుల్లో పని కూడా చేసి, మళ్లీ పీజీకి వచ్చిన మనిషి తన డిజైన్ నిలుస్తుందో లేదో చెప్పడానికి ఎదుటివారి మొహం చూడాల్సి రావడం మాత్రం సబ్జెక్టు స్వభావం అనుకుని ఊరుకోవాల్సిన సంగతి కాదు. అది బోధనలో ఉన్న లోటు. ఆ లోటు పూడ్చే పద్ధతి పేరు స్వీయ మూల్యాంకనం. మన పీజీ ఆర్కిటెక్చర్ కోర్సుల్లో అది ఉండాలి, మార్కుల పట్టికలో దానికంటూ ఒక గడి ఉండాలి.

సెల్ఫ్ అసెస్‌మెంట్ అనగానే ఎల్బీనగర్‌లో సొంతిల్లున్నవారికి గుర్తొచ్చేది ఇంటి పన్ను. కట్టిన ఇల్లు ఎన్ని చదరపు అడుగులో, ఏ అంతస్తును దేనికి వాడుతున్నారో యజమానే మున్సిపల్ ఫారంలో నింపి, పన్ను లెక్క తేల్చుకునే పద్ధతి అది. కింద షట్టర్లు అద్దెకిచ్చి ‘నివాసం’ అని రాసేవారూ ఉంటారు. ఆర్కిటెక్చర్ తరగతిలో ఈ మాటెత్తితే చాలామంది అధ్యాపకులకు ముందు తోచేదీ అదే: ‘వాళ్ల మార్కులు వాళ్లే వేసుకుంటే ఇక మేమెందుకు?’

మార్కులు వేసుకోవడం వేరు, తన పనిని తూచి చెప్పగలగడం వేరు. విద్యార్థిని అడగాల్సింది రెండోది.

ఇప్పుడు విద్యార్థి పనిని తూచేది జ్యూరీ. ఆ తంతు పారిస్ నుంచి వచ్చింది. అక్కడి ఎకోల్ దె బోజార్‌లో గడువు ముగిసే వేళకు విద్యార్థుల డ్రాయింగులు పోగుచేసుకోవడానికి ఒక తోపుడు బండి వచ్చేది. ఫ్రెంచిలో దాని పేరు షారెట్. బండి కదిలిపోతున్నా దానితో పాటు నడుస్తూ చివరి గీతలు గీసేవారని చెప్పుకుంటారు. గడువు ముందు జాగారాలకు ఆర్కిటెక్చర్ లోకంలో ఇప్పటికీ అదే పేరు. ఆ రోజుల్లో పెద్దలు తలుపులు మూసుకుని తీర్పు తేల్చేవారు. ఇరవయ్యో శతాబ్దంలో తలుపులు తెరుచుకున్నాయి. విద్యార్థి గోడకు షీట్లు అంటించి నిలబడి చెప్పడం, పెద్దలు అందరి ముందూ విమర్శించడం వాడుకలోకి వచ్చింది. ఇదంతా చూసి అమెరికా అధ్యాపకురాలు కాథరిన్ ఆంథనీ జ్యూరీనే బోనులో నిలబెడుతూ 1991లో ఒక పుస్తకం రాశారు. పేరు ‘డిజైన్ జ్యూరీస్ ఆన్ ట్రయల్’. రాత్రంతా నిద్రలేక, తన పనిని కాపాడుకోవాలన్న ఆత్రంలో ఉన్న విద్యార్థి ఆ అరగంటలో ఎంత నేర్చుకోగలడన్నది అందులోని ప్రధాన ప్రశ్నల్లో ఒకటి.

హైదరాబాద్‌లో ఈ చదువుకు పాత చరిత్రే ఉంది. 1972 అక్టోబరు 2న జేఎన్‌టీయూ ఏర్పడినప్పుడు అనంతపురం, కాకినాడ, హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీలతో పాటు ఇక్కడి ప్రభుత్వ లలితకళల, ఆర్కిటెక్చర్ కళాశాల కూడా అందులో చేరింది. ఆ ఏడాదే పార్లమెంటు ఆర్కిటెక్టుల చట్టం చేసింది. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ఆ చట్టం కింద పుట్టిందే. 2008లో మాసాబ్‌ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం విడిగా వెలిసింది. అదే ఏడాది విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ మొదలైంది. బి.ఆర్క్ ప్రవేశాలకు 2006 నుంచి నాటా పరీక్ష వచ్చింది. డ్రాయింగ్ బోర్డులు పోయి ల్యాప్‌టాప్‌లు వచ్చాయి, టీ-స్క్వేరు అటకెక్కింది. ఇన్ని మారినా గోడ, గోడ మీద షీట్లు, ఎదురుగా ముగ్గురు నలుగురు పెద్దలు, మధ్యలో చెమటలు పడుతున్న విద్యార్థి మాత్రం మారలేదు.

చిత్రమేమిటంటే స్వీయ మూల్యాంకనం మన కాలేజీలకు కొత్త కాదు. కోర్సుకు గుర్తింపు కావాలంటే నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్‌కు కాలేజీ సమర్పించాల్సిన పత్రం పేరే సెల్ఫ్ అసెస్‌మెంట్ రిపోర్ట్. న్యాక్‌కు ఇచ్చేది సెల్ఫ్ స్టడీ రిపోర్ట్. బృందం వస్తోందంటే నెలల ముందు నుంచి ఫైళ్లు కడతారు, కారిడార్లకు సున్నాలు వేస్తారు, ప్రతి విభాగమూ తన బలమేమిటో బలహీనత ఏమిటో పేజీలకు పేజీలు రాస్తుంది. కాలేజీ తనను తాను తూచుకోవాలని వ్యవస్థ పట్టుబడుతోంది. ఆ కాలేజీలో చదివే పాతికేళ్ల మనిషిని మాత్రం ‘నీ పని గురించి నువ్వేమనుకుంటున్నావు?’ అని కాగితం మీద అడిగిన పాపాన పోలేదు.

అడిగితే ఏం చెప్తారు? కాకి పిల్ల కాకికి ముద్దు కదా అన్నది సహజమైన సందేహం. దానికి శాస్త్రం దన్ను కూడా ఉంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ డన్నింగ్, జస్టిన్ క్రూగర్ 1999లో ప్రచురించిన అధ్యయనంలో తర్కం, వ్యాకరణం వంటి పరీక్షలు పెట్టి, ఎవరెంత రాశారనుకుంటున్నారో వారినే అడిగారు. అట్టడుగున నిలిచిన పావువంతు మంది సగటున 12వ పర్సంటైల్‌లో ఉండి, తాము 62లో ఉన్నామనుకున్నారు. పైన ఉన్నవారు తమను కాస్త తక్కువ చేసుకున్నారు. ఆ లెక్కల మీద తర్వాత వాదోపవాదాలు జరిగినా, రానివాడికి తనకు రాదన్న సంగతి కూడా తెలియదన్న అనుభవం ప్రతి స్టాఫ్‌రూములోనూ ఉంటుంది.

అయితే దీని రెండో పక్క కూడా చూడాలి. నాన్సీ ఫాల్చికోవ్, డేవిడ్ బౌడ్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా కాలేజీల్లో జరిగిన ఇలాంటి అధ్యయనాలను కలిపి 1989లో పరిశీలించారు. చదువులో పైమెట్టుకు వెళ్లేకొద్దీ విద్యార్థి వేసుకున్న అంచనా అధ్యాపకుడి అంచనాకు దగ్గరవుతుందని తేల్చారు. కాబట్టి బి.ఆర్క్ మొదటి ఏడాది పిల్లవాడిని అడిగితే అతిశయం వినిపించొచ్చు. ఎం.ఆర్క్ రెండో ఏడాది మనిషిని అడగడానికి ఆ సంకోచం అక్కర్లేదు. ఒకవేళ ఆ దశకు వచ్చినా అతని అంచనా గాలిలోనే ఉంటే, పట్టా చేతికివ్వకముందే ఆ సంగతి బయటపడటం మంచిదే కదా.

నిజానికి స్వీయ మూల్యాంకనం స్టూడియోకు బయటి నుంచి తెచ్చి అతికించాల్సిన వస్తువు కాదు. ఎంఐటీ ఆచార్యుడు డొనాల్డ్ షోన్ 1983లో ‘ది రిఫ్లెక్టివ్ ప్రాక్టిషనర్’ అనే పుస్తకం రాస్తూ, రకరకాల వృత్తులవారు పని చేస్తూ చేస్తూ ఎలా ఆలోచిస్తారో చూపడానికి ఒక ఆర్కిటెక్చర్ స్టూడియోను ఉదాహరణగా తీసుకున్నాడు. పెట్రా అని పేరు పెట్టిన విద్యార్థిని ప్రాథమిక పాఠశాల గీస్తోంది. స్థలం వాలుగా ఉంది, భవనం ఆ వాలుకు ఒదగడం లేదు. క్విస్ట్ అనే గురువు వచ్చి ఆమె డ్రాయింగు మీద ట్రేసింగ్ పేపరు పరుస్తాడు. ఒక గీత గీస్తాడు, దానివల్ల నేల ఎక్కడ తెగుతుందో చూస్తాడు, గీత మారుస్తాడు, మళ్లీ చూస్తాడు. గీసిన ప్రతి గీతకూ అక్కడికక్కడే తీర్పు చెప్పుకుంటూ పోతాడు. గురువుకున్నదీ శిష్యురాలికి ఇంకా రానిదీ ఆ విద్యే.

ఇందులో గమనించాల్సిందొకటుంది. క్విస్ట్ ఆ తీర్పులన్నీ పైకి మాట్లాడుతూ చేశాడు కాబట్టే పెట్రాకు వినిపించాయి. మన స్టూడియోల్లో చెయ్యి తిరిగిన అధ్యాపకులు చాలామంది ట్రేసింగ్ మీద నాలుగు గీతలు గీసి ‘ఇలా ట్రై చెయ్యి’ అని పక్క టేబుల్‌కు వెళ్లిపోతారు. ఆ గీత ఎందుకు మంచిదో గురువు మనసులోనే ఉండిపోతుంది. శిష్యుడికి గీత దక్కుతుంది, తూనికరాయి దక్కదు.

ఇదంతా నాలుగు గోడల మధ్య గొడవే అయితే దినపత్రికలో రాయాల్సిన పని లేదు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దిగి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ రింగురోడ్డు దాకా సందుల్లో నడిచినవారికి ఈ విద్య అవసరం ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. 150 గజాలు, 200 గజాల ప్లాట్లు. ప్లాన్‌లో ఉన్న సెట్‌బ్యాక్‌ను బాల్కనీ మింగేస్తుంది. అనుమతి రెండంతస్తులకే ఉన్నా ఆపైన ‘పెంట్‌హౌస్’ మొలుస్తుంది. కాగితం మీద పార్కింగుగా ఉన్న సెల్లార్‌లో కుర్చీలు వేసి పాఠాలు చెప్తుంటారు. రాష్ట్రమంతటా పరిస్థితి ఇదే కాబట్టి 2007 డిసెంబరులో బీపీఎస్ పేరుతో, 2015లో బీఆర్‌ఎస్ పేరుతో అపరాధ రుసుము కట్టించుకుని అతిక్రమణలను క్రమబద్ధం చేసే పథకాలు వచ్చాయి. ఆ బీఆర్‌ఎస్ పార్టీ కాదు, బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్.

2020లో ప్రభుత్వం పూర్తిగా వేరే దారి పట్టింది. ఆ ఏడాది చేసిన టీఎస్-బీపాస్ చట్టం పూర్తి పేరులోనే ‘సెల్ఫ్ సర్టిఫికేషన్’ ఉంది. 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి, నిబంధనల ప్రకారమే కడతానని యజమాని రాసిస్తే తక్షణ అనుమతి. అబద్ధమని తేలితే నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చే అధికారం చట్టంలో పెట్టారు. 500 చదరపు మీటర్లంటే దాదాపు 600 గజాలు. ఎల్బీనగర్ కాలనీల్లో సొంతిళ్లు అత్యధికం ఈ గీత లోపలే ఉంటాయి. టీఎస్-బీపాస్ తర్వాత బిల్డ్‌నౌ వచ్చినా, మనిషి రాసిచ్చిన మాట మీద ఆధారపడే సూత్రం అలాగే ఉంది.

అంటే నగరం ఇప్పుడు సగం బరువును స్వీయ ధ్రువీకరణ మీద మోపింది. ఇల్లు కట్టుకునే సామాన్యుడు సెట్‌బ్యాక్ అంటే ఏమిటో తెలిసినా తెలియకపోయినా సంతకం పెడుతున్నాడు. ఆ సంతకం వెనక నిలబడి ‘ఇక్కడ మీ ప్లాను తప్పు’ అని చెప్పాల్సిన వృత్తి మనిషి తన ప్లానులో తప్పును తను పట్టుకోవడం ఎక్కడ నేర్చుకున్నాడు? 

తప్పు ఖరీదు ఈ ప్రాంతానికి తెలుసు. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో 24 గంటల్లో నగరంలో 19 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కాలనీల్లో, కోదండరాంనగర్‌లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. సెల్లార్లు నిండాయి. లిఫ్టు గుంతలు బావులయ్యాయి. వాన ఎవరి చేతుల్లోనూ లేకపోవచ్చు. నీళ్లు ఎటు పారతాయో చూడకుండా ర్యాంపును రోడ్డు నుంచి సెల్లార్‌లోకి వాలుగా దింపింది మాత్రం ఎవరో ఒకరు గీసిన గీతే. 2024 జులై 27న ఢిల్లీ రాజేందర్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ సెల్లార్‌లోకి వరద నీళ్లొచ్చి ముగ్గురు సివిల్స్ అభ్యర్థులు చనిపోయినప్పుడు, బిడ్డల్ని దిల్‌సుఖ్‌నగర్‌కు, అశోక్‌నగర్‌కు పంపిన తల్లిదండ్రులు ఇక్కడి సెల్లార్ల సంగతేమిటని కంగారుపడ్డారంటే అందుకే.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పుకోవాలి. 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఆర్కిటెక్టుల చట్టానికి అర్థం చెప్తూ, చట్టం కాపాడేది ‘ఆర్కిటెక్ట్’ అనే బిరుదునే కానీ భవనాలు డిజైన్ చేసే పనిని కాదని తీర్పిచ్చింది. రిజిస్ట్రేషన్ లేనివారు ఆర్కిటెక్టునని చెప్పుకోకూడదు, గీస్తే మాత్రం నేరం కాదు. మరి ఏడేళ్లు చదివిన మనిషికీ, సందు చివర కంప్యూటర్ పెట్టుకుని రెండు రోజుల్లో ప్లానిచ్చే అతనికీ తేడా ఎక్కడుంది? అందమైన ఎలివేషన్ బొమ్మ అంటే ఇప్పుడు కుదరదు. నాలుగు ముక్కలు టైపు చేస్తే డజను ఎలివేషన్లు ఇచ్చే సాఫ్ట్‌వేర్లు వచ్చేశాయి. ఆ డజనులో పదకొండు ఎందుకు పనికిరావో చెప్పగలగడమే మిగిలిన తేడా.

ఈ స్వీయ మూల్యాంకనం కాగితం మీద ఎలా ఉంటుందో ఒక ఊహా ఉదాహరణలో చూద్దాం. ఎం.ఆర్క్ స్టూడియోకు ఇచ్చిన ప్రాజెక్టు: దిల్‌సుఖ్‌నగర్ సందులో 200 గజాల ప్లాటు, ముప్పై అడుగుల ముఖం, అరవై అడుగుల లోతు, పోటీ పరీక్షల విద్యార్థులకు హాస్టల్. విద్యార్థి నడిమధ్యలో కారిడార్ పెట్టి, అటు మూడు ఇటు మూడు గదులు గీశాడు. గది పది అడుగులు, పన్నెండు అడుగులు. నలుగురికి నాలుగు మంచాలు.

సాధారణంగా రాసే రకం ఇది: ‘నా డిజైన్ ఫంక్షనల్‌గా, యూజర్ ఫ్రెండ్లీగా వచ్చింది. ఇంకొంచెం టైముంటే ప్రెజెంటేషన్ మెరుగుపరిచేవాణ్ని.’ ఏ ప్రాజెక్టుకైనా సరిపోయే మాటలివి, అందుకే ఎందుకూ పనికిరావు.

రాయాల్సిన రకం ఇలా ఉంటుంది: ‘గది 120 చదరపు అడుగులు. జాతీయ భవన నియమావళి నివాస గదికి చెప్పిన కనీసం 9.5 చదరపు మీటర్లు, అంటే సుమారు 102 అడుగులు. లెక్కకు పాసయ్యాను. కానీ ఆరడుగులు, మూడడుగుల మంచాలు నాలుగు వేస్తే 72 అడుగులు పోతాయి. మిగిలిన 48లో తలుపు తెరుచుకోవాలి, నాలుగు పెట్టెలు, నాలుగు కుర్చీలు పట్టాలి. పట్టవు. ప్లాన్‌లో మంచాలు చిన్నవిగా గీసి దీన్ని దాచాను. ఉత్తరం వైపు మూడు గదుల కిటికీలకు ఎదురుగా పక్కింటి గోడ ఉంది, పగలు కూడా లైటు వేసుకోవాలి. షీటు మీద అక్కడ చెట్టు బొమ్మ పెట్టాను, నిజంగా అక్కడ చెట్టుకు చోటు లేదు. మెట్లు ఒక్కటే. కింద మంట లేస్తే పై అంతస్తు పిల్లలకు వేరే దారి లేదు. రేపు జ్యూరీ ఎలివేషన్ గురించి అడగొచ్చు, అడగాల్సింది ఈ మెట్ల గురించి.’

రెండో కాగితం రాసిన విద్యార్థి డిజైన్ మొదటివాడి డిజైన్ కంటే గొప్పది కాకపోవచ్చు, రెండూ ఒకే ప్లాన్ కావొచ్చు కూడా. కానీ ఇల్లు కట్టించుకునేవారు ఎవరి చేతిలో తమ 200 గజాలు పెడతారో అడగనక్కర్లేదు.

మరి మార్కుల సంగతి? విద్యార్థి తనకు తాను ఎన్ని వేసుకున్నాడన్నది లెక్కలోకి రాకూడదు. వస్తే అందరూ తొంభైలే వేసుకుంటారు. లెక్కలోకి రావాల్సింది ఆ తూకంలోని నిక్కచ్చితనం: ఎన్ని నిజమైన లోపాలు పట్టుకున్నాడు, వాటికి కొలతతో ఆధారం చూపాడా, బాగున్నదాన్ని బాగుందని ధైర్యంగా చెప్పాడా. స్టూడియో మార్కుల్లో పదో వంతు దీనికి కేటాయిస్తే చాలు. జ్యూరీ, విద్యార్థి ఇద్దరూ ఒకే ప్రమాణాల పట్టిక వాడాలి: స్థలం, మనుషులు, నిర్మాణం, నిబంధనలు, చెప్పిన తీరు. ఇద్దరి పట్టికలూ పక్కపక్కన పెట్టి, తేడా ఎక్కువున్న రెండు మూడు చోట్ల మాత్రమే మాట్లాడుకోవాలి. అధ్యాపకుడికి దీనివల్ల పెరిగే పని ఒక్కో విద్యార్థికి పది నిమిషాలు.

అభ్యంతరాల్లో బరువైనది ఒకటుంది. తన తప్పు తనే ఒప్పుకున్నవాడికి జ్యూరీ ఇంకాస్త కోసేస్తే? ‘అతనే రాశాడు కదా, మెట్లు ఒక్కటేనని’ అంటే? ఈ భయం నిజమైనదే. పరీక్ష అంటే తెలిసింది చూపించి తెలియనిది దాచడమని చిన్నప్పటి నుంచి నేర్పిన సమాజంలో, లోపం రాసిమ్మంటే గోతిలో దూకమన్నట్టే ఉంటుంది. అందుకే జ్యూరీ మార్కులు వేసి సంతకాలు చేసేదాకా ఆ కాగితం ఎవరూ చూడకూడదు. ముందు రోజు సీలు కవరులో ఇవ్వాలి, మార్కుల తర్వాతే విప్పాలి.

రెండో అభ్యంతరం భాషది. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం నుంచి జాతీయ రహదారి మీద వచ్చి ఎల్బీనగర్‌లో బస్సు దిగి ఈ నగరంలోకి అడుగుపెట్టిన పిల్లల్లో తెలుగు మీడియంవారు చాలామంది ఉన్నారు. జ్యూరీ నడిచేది ఇంగ్లీషులో. డిజైన్‌లో దమ్మున్నా నోరు పెగలక వెనకబడేవారు, గట్టిగా మాట్లాడగలిగినందుకే గట్టెక్కేవారు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. తమను తాము తక్కువ చేసుకునే అలవాటు కూడా మొదటి రకంవారికే ఎక్కువ. ఈ కాగితాన్ని తెలుగులో రాయనివ్వాలి. తడబడకుండా ఆలోచించగలిగే భాషలో రాసినప్పుడే ఆ తూకానికి అర్థముంటుంది. ఎటూ రేపు ఇంటి యజమానికీ మేస్త్రీకీ చెప్పాల్సింది తెలుగులోనే.

ఇది ఎక్కడా లేని వింత కోరిక కాదు. బ్రిటన్‌లో ఆర్కిటెక్టుగా అర్హత పొందే చివరి మెట్టు పార్ట్-3లో అభ్యర్థి తన వృత్తి అనుభవాన్ని తానే విమర్శనాత్మకంగా సమీక్షించుకుని రాసిన పత్రం ఇవ్వాలి. పరీక్షకులు దాని మీద ప్రశ్నలు వేస్తారు. అక్కడ లైసెన్సు ముంగిట అడుగుతున్నదాన్ని ఇక్కడ పీజీ స్టూడియోలో అడగడం అత్యాశేమీ కాదు. పైగా మన దేశంలో ఎం.ఆర్క్ పట్టా అధ్యాపక ఉద్యోగానికి అర్హత కూడా. ఈ ఏడాది గోడ పక్కన నిలబడి చెమటలు కక్కిన విద్యార్థుల్లో కొందరు రెండేళ్లు తిరిగేసరికి గోడకు ఎదురు కుర్చీలో కూర్చుంటారు. తన పనిని తూచడం రానివారు ఇంకొకరి పనిని తూచే పద్ధతి ఎలా ఉంటుందో ఆంథనీ పుస్తకం వచ్చిన 1991 నుంచీ అందరికీ తెలిసిందే.

పాఠ్య ప్రణాళిక మొత్తం తిరగరాయాలని, కమిటీ వేయాలని, కౌన్సిల్ నుంచి ఉత్తర్వు రావాలని ఆగనక్కర్లేదు. అంతర్గత మార్కులు కాలేజీ చేతిలోనే ఉన్నాయి. మాసాబ్‌ట్యాంక్ విశ్వవిద్యాలయం, దాని అనుబంధ కళాశాలలు వచ్చే థీసిస్ రివ్యూ నుంచే దీన్ని మొదలుపెట్టొచ్చు. కావాల్సినవి విద్యార్థికి ఒక ఏ4 కాగితం, ఒక కవరు, జ్యూరీ ముందు రోజు సాయంత్రం అయిదింటి దాకా ఆ కవర్లు తీసుకుని బీరువాలో పెట్టే ఒక గుమస్తా.